పది నిమిషాల చుక్క

పడమటి గది నుంచి,
జనవరి 6

చిన్నోడికి,

ఐదేళ్ళ తర్వాత వదిన ఉత్తరం రాసిందంటే ఏదో పని పడి ఉంటుందనుకుంటావు. పడింది. ముందే ఒప్పేసుకుంటే ఇద్దరికీ సుఖం.

మీ అన్నయ్య సంగతి నీకు ఆ నోటా ఈ నోటా తెలిసే ఉంటుంది. రెండేళ్ళ కింద చేతులు పట్టు తప్పాయి. తర్వాత కాళ్ళు. నిరుడు మాట పోయింది. కండరాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి, మందు లేదన్నారు. రెప్పలు కూడా ఆయన మాట వినడం లేదు. "అవునంటే ఒకసారి కళ్ళు మూయండి" అంటే, ఆయన మూశారో, అవే వాలిపోయాయో తేల్చుకోలేక ఇద్దరం ఏడ్చిన రోజులున్నాయి. మిగిలింది మెడ. అదీ వెంట్రుకవాసి కదులుతుంది. పక్కనే కూర్చున్నా కంటికి ఆనదు.

ఆసుపత్రిలో ఒకావిడ ఉపాయం చెప్పింది. పాఠాలు చెప్పేవాళ్ళు గోడ మీద చుక్క చూపిస్తారే, ఆ లేజర్ పాయింటర్ పెన్ను, దాన్ని తలకి కట్టమంది. ఎదుటి గోడకి అక్షరాల అట్ట తగిలించాను. తల వెంట్రుకవాసి కదిలితే గోడ మీద చుక్క జానెడు కదులుతుంది. ఏ గడి మీద ఆగితే ఆ అక్షరం. నేను కాగితం మీద రాసుకుంటాను. మొదటి రోజు ఆయన చూపించిన మొదటి మాట ఏమిటనుకున్నావ్? "కిటికీ." ఎనిమిది నెలలుగా ఆ కిటికీ రెక్క కొట్టుకుంటుంటే విని విని విసిగిపోయారట. లేచి వెళ్ళి గడియ పెట్టి, అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ పెన్ను నాలుగో రోజుకి ఆరిపోయింది. పట్టుకుంటే చురుక్కుమంది. రెండోది కొన్నాను. దాన్ని భయం భయంగా అర నిమిషం వెలిగించి ఆపేస్తున్నాం. అర నిమిషంలో ఏం మాట్లాడతారు మనిషి? పెట్టె మీద ఎంతసేపో రాసి లేదు. కొట్టువాడు "అలా వాడేవాళ్ళని నేను చూడలేదమ్మా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చావు నువ్వు. ఈ పెన్నులు ఎంతసేపు వెలిగితే పాడవకుండా ఉంటాయో చూడటమే కదా నీ ఉద్యోగం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మీ అన్నయ్య వంతు రాదు. ఒక్క మాట చూపించేలోపు అవతలివాళ్ళు హలో హలో అని పెట్టేస్తారు. ఉత్తరమైతే ఆయనా రాయొచ్చు. ఇదిగో, నాలుగు విడతల్లో ఆయన రాయించింది:

"చిన్నోడా, ఎంతసేపు?"

ప్రశ్న గుర్తు కూడా పెట్టమన్నారు. దాని కోసం అట్ట మీద ఒక గడి కావాలని పోరి గీయించుకున్నారు. ప్రూఫులు దిద్దే చెయ్యి పోయినా ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

వదిన


పరీక్షల గది నుంచి,
జనవరి 14

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేక బల్ల సొరుగులో పెట్టేశాను. అన్నయ్య గురించి నాకు సగమే తెలుసు. మిగతా సగం అడగడానికి మొహం చెల్లలేదు.

పని సంగతి ముందు చెప్తాను, అది నాకు చేతనవుతుంది. పెన్నులో వెలుగు పుట్టే గింజ ఆవగింజంత ఉంటుంది. అది తాగే కరెంటులో కొంచెమే వెలుగవుతుంది, మిగతాదంతా వేడి. ఆ వేడి ఇత్తడి గొట్టంలోకి, అక్కణ్ణించి బయటికి పోవాలి. పోకపోతే గింజ కమిలిపోతుంది. ఒకసారి కమిలితే చల్లారాక మళ్ళీ వెలుగుతుంది గానీ మునుపటి వెలుగు రాదు. ఇంకోసారి కమిలితే ఇంకొంచెం తగ్గుతుంది. అలా తగ్గి తగ్గి ఒకరోజు ఆరిపోతుంది. కొట్టులో కొన్నవి నాసిరకం. వాటిని నమ్మకు.

మా దగ్గర తయారైన ప్రతి విడత సరుకు నుంచి ఐదు పెన్నులు నా బల్ల మీదికి వస్తాయి. బల్లకు బిగించిన ఇనుప వైసు ఒకటుంది. దాని దవడల మధ్య పెన్నుని పట్టించి, మీట నొక్కి, గడియారం పెట్టుకుని కూర్చుంటాను. చేత్తో పట్టుకుంటే చుక్క వణుకుతుంది, వెలుగు కొలవలేం. పది నిమిషాలు దాటినా మావి తొణకవు. పెట్టె మీద "ఏకధాటిగా పది నిమిషాలు" అని అచ్చవుతుందే, ఆ అంకె నాది. పరీక్ష కాగితం కింద సంతకం కూడా నాదే.

కాబట్టి పది నిమిషాలు వెలిగించు, ఇరవై నిమిషాలు చల్లారనివ్వు. రెండు పంపిస్తున్నాను. అన్నిటికన్నా తక్కువ వెలుగువి, అయినా ఎవరి కంట్లోనూ పడనివ్వకు. అట్ట ఉన్న గోడ వైపు ఎవరినీ కూర్చోబెట్టకు. అద్దాలు, గడియారాలు ఆ గోడ మీద ఉంటే తీసేయ్, వెలుగు తిరిగొచ్చి ఆయన కంట్లోనే పడుతుంది.

అన్నయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపిస్తావని తెలుసు. అందుకే ఒక మాట. నేను రాయడం ఎందుకు మానేశానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఉద్యోగం వచ్చిన రోజు సంతోషంతో అన్నయ్యకి నాలుగు పేజీలు రాశాను. వారం తర్వాత అదే ఉత్తరం తిరిగొచ్చింది. పందొమ్మిది చోట్ల ఎర్ర సిరా. చివర ఒక్క మాట లేదు. శభాష్ అనీ లేదు, సంతోషం అనీ లేదు. చిన్నప్పట్నుంచీ అంతే అనుకో. నేను నవ్వి ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను.

ఈసారి తప్పులుంటే చుక్కతో చూపించమను. ఎర్రదే కదా.

చిన్నోడు


పడమటి గది నుంచి,
జనవరి 27

చిన్నోడికి,

పెన్నులు అందాయి. నువ్వు చల్లగా ఉండాలి.

అర నిమిషం నుంచి పది నిమిషాలకి రావడమంటే ఏమిటో నీకు చెప్పలేను. ఇల్లంతా మాటలే! నిమిషానికి పది పన్నెండు అక్షరాలు చూపిస్తారు. పది నిమిషాల్లో రెండు మూడు వాక్యాలు. నిన్న పక్కింటావిడ పలకరించడానికి వచ్చి గంటన్నర కూర్చుంది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఈయన చూపించారు: "మీరు వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా వేయండి." అట్ట చదువుతూ చదువుతూ ఆవిడ మొహం మాడిపోయింది. నేను వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నాను.

పెన్ను పట్టీ నేనే కుట్టాను. కొట్టులోది పలచగా ఉండి నుదుటికి గుచ్చుకునేది. పద్దెనిమిదేళ్ళుగా బస్సు సీట్లకి కవర్లు కుడుతున్న చెయ్యి, ఊరుకుంటుందా? దళసరి స్పాంజితో గూడులా కుట్టి పెన్నుని అందులో దోపాను. తల ఎటు వాలినా అంగుళం జరగదు. మా వర్క్‌షాపులో అందరూ చూసి మెచ్చుకున్నారు.

ఆయనకి ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ కావాలి. సగం చూపించగానే నాకు అర్థమైపోతుంది, "తెలిసింది లెండి" అంటాను. ఒప్పుకోరు. చివరి చుక్క పెట్టేదాకా సాగదీస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఊపిరి తగ్గుతోంది. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, యంత్రంతో శ్వాస ఇవ్వొచ్చునట. పెడితే ఏళ్ళు ఉండొచ్చు, ఇలాగే, మంచం మీద. పెట్టకపోతే కొన్ని నెలలు. కావాలో వద్దో ఆయనే చెప్పాలి. దానికో కాగితం ఉంది, "రోగి కోరిక" అని. డాక్టరమ్మా నర్సూ మార్చి ఇరవయ్యెనిమిదిన ఇంటికే వస్తారు. ఆయన వాళ్ళ ఎదుట అక్షరాలు చూపిస్తే వాళ్ళు సాక్షి సంతకాలు పెడతారు.

నాకు ముందే చెప్పమని బతిమాలాను. "ప్రూఫు పూర్తి కాకుండా అచ్చుకివ్వను" అని చూపించారు. నా కోరిక ఆయనకి చెప్పలేదు. చెబితే అదే తన కోరికని చూపించేస్తారు, ఆయన సంగతి నాకు తెలుసు. నీకూ చెప్పను.

నీ ఉత్తరం చదివాను, ఎర్ర సిరా భాగంతో సహా. పెన్ను చల్లార్చి మళ్ళీ వెలిగించాక ఇది రాయించారు:

"తప్పులు వెతికాను. నాలుగున్నాయి, చెప్పను. నీ లెక్క సరిగ్గా ఉంది. శభాష్."

ఆ కాగితం చించి ఇందులో పెడుతున్నాను. చేతిరాత నాదే, మాట ఆయనది.

వదిన


పరీక్షల గది నుంచి,
ఫిబ్రవరి 8

వదినా,

కాగితం అందింది.

పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను. పట్టీ స్పాంజి అన్నావు. ఎంత మందం? పెన్ను చుట్టూ అన్ని వైపులా ఉంటుందా, లేక కింద మాత్రమేనా? వాడాక పెన్ను ముట్టుకుంటే ఎలా ఉంటోంది? ఊరికే అడుగుతున్నాను.

చుక్క ఎప్పుడైనా మసకగా అనిపిస్తే బ్యాటరీలు మార్చు. కిటికీ తెర వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

అన్నయ్యని అడిగానని చెప్పు.

చిన్నోడు


పడమటి గది నుంచి,
ఫిబ్రవరి 19

చిన్నోడికి,

నీ ఉత్తరం చూస్తే టెలిగ్రామ్ కాలం గుర్తొచ్చింది. మెచ్చుకోలు ఎక్కువైతే అరగలేదా ఏమిటి?

స్పాంజి బొటనవేలంత మందం. చుట్టూ ఉంటుంది, ముందు చుక్క వచ్చే రంధ్రం తప్ప. వాడాక వేడిగానే ఉంటోంది. నువ్వు పది నిమిషాలన్నావు కాబట్టి అది మామూలే అనుకున్నాను. నుదుటి మీద నాణెమంత ఎర్రగా కమిలింది. మంటగా ఉందా అని అడిగితే "పర్వాలేదు" అని చూపించారు. మాట్లాడనిస్తే చాలు, నుదురు ఊడినా పర్వాలేదంటారు ఈయన.

చుక్క మసకబారుతోంది. నువ్వన్నట్టు బ్యాటరీలు మార్చాను. పెద్ద తేడా లేదు. తెరలు వేస్తున్నాను. మొదటి పెన్ను పోయిన వారం పూర్తిగా ఆరిపోయింది, కింద పడేశానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. రెండోది వాడుతున్నాం. కొట్టులో కొన్నది ఎప్పుడో పోయింది.

ఇంకో సంగతి. ఊపిరి పరీక్ష బాగాలేదని డాక్టరమ్మ తేదీ ముందుకి జరిపింది. మార్చి ఐదున వస్తున్నారు. మెడ కూడా ఎన్నాళ్ళో చెప్పలేమంది. ఆయన మాత్రం తొణకలేదు. రోజూ కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ మనసులో ఏదో దిద్దుకుంటున్నారు. నేను పలకరిస్తే చిరాకు. "ఒక్క మాట చూపిస్తే సరిపోతుంది కదా, కావాలనో వద్దనో" అన్నాను. దానికి జవాబు:

"ఒక్క మాట కేకవుతుంది. నాకు పది నిమిషాలున్నాయి. చిన్నోడి లెక్క నమ్ముతున్నాను."

చూశావా, నీ పేరు చెప్పి నా నోరు మూయిస్తున్నారు.

వదిన


పరీక్షల గది నుంచి,
మార్చి 1

వదినా,

ఇందులో ఆరు పెన్నులు ఉన్నాయి. దగ్గర పెట్టుకో. ఐదో తేదీకి కొత్తది వాడు, పాతది పక్కన పడేయ్.

పది నిమిషాలు ఒకేసారి కాకుండా మధ్యమధ్య ఆపితే మంచిది. రెండేసి నిమిషాలు. ఇంకా తక్కువైనా మంచిదే. పట్టీ నుంచి పెన్ను బయటికి తీసి ఏదైనా లోహపు రేకుకి కట్టగలవేమో చూడు. కారణం తర్వాత రాస్తాను. ఏం లేదు, ముందు జాగ్రత్త.

పార్సిల్ తొందరగా చేరేదానికి కట్టాను. నాలుగో తేదీకల్లా వస్తుందన్నారు.

అన్నయ్యకి నా లెక్క గురించి అంత నమ్మకం వద్దని చెప్పు. నవ్వులాటకి అనడం లేదు.

చిన్నోడు


ఆసుపత్రి వరండా నుంచి,
మార్చి 7

చిన్నోడికి,

పోయిన నెల నేను రాసినదానికి నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు.

ఐదో తేదీ పొద్దున పదింటికి డాక్టరమ్మా నర్సూ వచ్చారు. మీ అన్నయ్యకి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా వేశాను. తెరలన్నీ మూశాను. పెన్ను వెలిగించాను. డాక్టరమ్మ అడిగింది. ఆయన మొదలుపెట్టారు. నర్సు పైకి చదువుతోంది, నేను రాస్తున్నాను.

"ఈ విషయం బాగా ఆలోచించాను. నిర్ణయం చెప్పేముందు మూడు కారణాలు చెప్తాను. మొదటిది"

అక్కడ చుక్క పోయింది.

నాలుగు నిమిషాలు కూడా కాలేదు, నేను గడియారం చూశాను. పెన్ను తీస్తే వేళ్ళు కాలాయి. బ్యాటరీలు మార్చాను, నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టాను, ఫ్యాను కింద పెట్టాను, కొట్టాను కూడా. రాలేదు. టార్చిలైటు కట్టాను. గోడంతా వెలిగింది, ఒక్క అక్షరమూ విడిగా కనబడలేదు. డాక్టరమ్మ ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "కావాలంటే ఎడమకి తిప్పండి, వద్దంటే కుడికి" అంది. ఎడమకి కదిలిందని నర్సు అంది. అసలు కదలలేదని డాక్టరమ్మ అంది. నాకైతే కుడికి కదిలినట్టుంది. ముగ్గురం మూడు మాటలు చెప్పాక ఎవరు ఏం సంతకం పెడతారు? మర్నాడు కొత్త పెన్నుతో మళ్ళీ అడుగుదామని వెళ్ళారు. ఆరోజు కొట్లకి సెలవు.

నాలుగింటికి ఊపిరి ఆడలేదు. నోట్లోంచి గొట్టం వేసి తీసుకొచ్చారు. అప్పట్నుంచీ మత్తులో ఉన్నారు.

పది నిమిషాలన్నావు కదురా. మేం ఏం తప్పు చేశాం? నేను ఎక్కడైనా లెక్క తప్పానా? నువ్వు రాసినట్టే ఇరవై నిమిషాలూ చల్లార్చాను, ఒక్కరోజు కూడా తప్పలేదు.

వదిన


గది నుంచి, ఫ్యాక్టరీ నుంచి కాదు,
మార్చి 14

వదినా,

నువ్వు ఏ తప్పూ చేయలేదు. మొదట ఆ మాట చదువు, తర్వాత మిగతాది.

ఫిబ్రవరి ఐదున మా బల్ల పలక మార్చడానికి వైసుని విప్పి పక్కన పెట్టారు. పని ఆగకూడదని, పెన్నులు సర్దే పెట్టెలోని స్పాంజి ముక్కలో ఒకదాన్ని గుచ్చి పరీక్షకి కూర్చున్నాను. ఒకటిన్నర నిమిషానికే వెలుగు తగ్గడం మొదలైంది, అంటే లోపల గింజ కమలడం మొదలైంది. పెన్ను చెడ్డదనుకున్నాను. ఇంకోటి పెట్టాను. ఇంకోటి. ఐదూ అంతే.

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ వేడంతా తాగింది ఆ వైసు. పన్నెండు కిలోల ఇనుము. ఎంత వేడినైనా మింగేస్తుంది. నేను పెన్నుని కొలుస్తున్నాననుకుని వైసుని కొలిచాను. మనిషి చేతిలో ఉంటే, చేయి కూడా కొంత వేడి లాగుతుంది కాబట్టి, మూడు నాలుగు నిమిషాలు. స్పాంజిలో ఒకటిన్నర. పైగా పది పది నిమిషాలు వెలిగించిన ప్రతిసారీ లోపలి గింజ కొంచెం కొంచెం చచ్చిపోయింది.

మా మేనేజరుకి చెప్పాను. "చేతిలో పట్టుకునే పెన్నుని పది నిమిషాలు ఎవడు నొక్కుతాడయ్యా? ఎవడికీ నష్టం లేదు, వదిలేయ్" అన్నాడు. ఆయన అన్నది నిజమే. ఆ పది నిమిషాల్నీ నిజంగా వాడుకునే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

నీకు మూడు రోజుల తర్వాత ఉత్తరం రాశాను. స్పాంజి మందం అడిగాను. బ్యాటరీలు మార్చమన్నాను. అప్పటికే నాకు అంతా తెలుసు వదినా. బ్యాటరీల వల్ల కాదని తెలుసు. నుదురు కమిలిందని నువ్వు రాసినప్పుడు కూడా తెలుసు. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? "నీ లెక్క సరిగ్గా ఉంది, శభాష్." ముప్ఫైతొమ్మిదేళ్ళలో మొదటిసారి అన్నాడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. లెక్క తప్పని రాస్తే, దాన్ని కూడా ఎర్ర సిరాతో కొట్టేస్తాడనిపించింది. రోజూ రేపు రాద్దామనుకున్నాను. చివరికి పెన్నులు పంపి, నిజం సగం రాసి, మిగతా సగం పార్సిల్‌లో దాచుకున్నాను. అదీ వేళకి చేరలేదు.

ఒకటిన్నర నిమిషమే ఉందని తెలిసి ఉంటే అన్నయ్య ఒక్క మాట చూపించేవాడు. ముందుమాట రాసేవాడు కాదు. ఆ ఒక్క మాటా నేను మింగేశాను.

ఉద్యోగం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదని తెలుసు. క్షమించమని అడగను. రమ్మంటే వస్తాను, వద్దంటే రాను.

చిన్నోడు


పడమటి గది నుంచి,
ఏప్రిల్ 2

చిన్నోడికి,

నీ పార్సిల్ తొమ్మిదిన వచ్చింది. ఎక్కడో ఐదు రోజులు ఆగిందట. "చిరునామా వెతుక్కున్నామమ్మా" అన్నాడు తెచ్చినవాడు.

నీ ఉత్తరం చదివినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. పదిహేను రోజులు నీ పేరెత్తితే ఒళ్ళు మండిపోయింది. లెక్క తప్పినందుకు కాదు. ఎవరైనా తప్పుతారు. ఆ వైసుని నేనైనా అనుమానించను. ఆ స్పాంజి కుట్టింది నా చేతులే. నాకు మండింది బ్యాటరీల దగ్గర. తెలిసి తెలిసి బ్యాటరీలు మార్చమన్నావు. నేను పరిగెత్తి వెళ్ళి కొనుక్కొచ్చి మార్చాను. నాలుగు సార్లు.

మొత్తం ఆయనకి చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదు. నీకు న్యాయం చేయాలని కాదు, ఆయన ఉత్తరం సగమే చదివితే ఒప్పుకునే మనిషి కాదని. విన్నారో లేదో తెలియదు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. రెప్పలు మూసుకోక రోజంతా అలాగే కారుతుంటాయని డాక్టరమ్మ అంది. కాబట్టి అందులో నీకు ఎంత, నాకు ఎంత, జబ్బుకి ఎంత అని అడగకు.

మత్తు తగ్గించాక, ఆసుపత్రి గోడకే అట్ట తగిలించి కొత్త పెన్ను కట్టాను, ఇనుప రేకుకి, నువ్వు చెప్పినట్టే. నిమిషం వెలిగించి ఆపుతూ, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చుక్క చక్కగా, ఎర్రగా, కుదురుగా ఉంది. ఏ అక్షరం మీదా కాదు, రెండు గడుల మధ్య గీత మీద. కదలలేదు. మర్నాడూ కదలలేదు. మెడ కూడా అయిపోయిందన్నారు. మిగతా ఐదు పెన్నులూ పెట్టెలోనే ఉన్నాయి.

నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదట. తీసేసి ఊరుకోవడమా, గొంతుకి రంధ్రం చేసి యంత్రం పెట్టడమా, మార్చి ఇరవైకల్లా తేల్చమన్నారు. ఆ కాగితమే మళ్ళీ నా ముందు పెట్టారు. ఆయన మూడు కారణాలు దేనికో నేను ఆలోచించని క్షణం లేదు. ఉండటానికైతే మూడు కారణాలు ఎందుకు, నేనొక్కదాన్ని చాలనా అనిపిస్తుంది. పోవడానికైతే నా ఎదుట మూడు కారణాలు చెప్పడానికి ఆయనకి మనసెలా వచ్చింది అనిపిస్తుంది. రెండు వైపుల్నుంచీ నేనే ఓడిపోతున్నాను.

నువ్వు వస్తే రా. పొద్దున నేను వర్క్‌షాపుకి వెళ్ళే వేళ మనిషి కావాలి. గంటకోసారి గొంతులో కఫం తీయాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, నర్సు నేర్పిస్తుంది. ఆయన ఎదుట కూర్చుని ఏడవకు, క్షమాపణలు చెప్పకు. ఆయన వద్దనలేరు, సరేననలేరు. అలాంటి మనిషి ముందు అడగడం అన్యాయం.

నిన్ను తిట్టడం ఎందుకు ఆపేశానో కూడా చెప్పాలి. "రోగి కోరిక" అన్న చోట "నాకు బతకాలని ఉంది" అని రాశాను. డాక్టరమ్మ చదివి, "ఇది ఆయన చూపించిందేనా అమ్మా? ఆ తర్వాత ఎప్పుడైనా చూపించారా?" అని అడిగింది.

చూపించారన్నాను.

ఇప్పుడు ఆయన గొంతులో గొట్టం ఉంది, పక్కన యంత్రం నడుస్తోంది. ఏళ్ళు ఉండొచ్చన్నారు. రోజుకి పదిసార్లు ఆయన మంచం పక్కన కూర్చుంటాను గానీ, కళ్ళలోకి చూడలేకపోతున్నాను.

వదిన